చాయ్ పారబోసిన మనోళ్లు

నా చిన్నప్పుడు మా ఇంటి మగపిల్లలు ఉర్దూ బడికి పోతే, ఆడపిల్లలం అమెరికాకు పోయేవాళ్లం. నవ్వకండి. నాందేడులో మా ఇంటి వెనక వసారాలో, పత్తి బస్తాల మీద కూర్చుని, మేం అక్కచెల్లెళ్లం పొద్దున్నే సముద్రం దాటి మధ్యాహ్నం అన్నం వేళకు తిరిగి వచ్చేవాళ్లం. ఓడ నడిపేది మా మేనత్త.

ఆమె బొంబాయిలో కాపురం చేసిన మనిషి. మామయ్య ఆమెకు ఇంగ్లీషు నేర్పాడు, చరిత్ర చదవడం నేర్పాడు, తర్వాత ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. ఆమె ట్రంకుపెట్టెతో పుట్టింటికి వచ్చింది. అలా వచ్చిన ఆడకూతురికి ఆ రోజుల్లో ఇంట్లో దొరికేవి ఒక పొయ్యి, ఒక రోలు, ఒక మూల. మా మేనత్త ఆ మూలను బడి చేసుకుంది. రోజంతటిలో ఆమె గొంతు ఆమెదిగా వినిపించేది ఆ పొద్దటి పూట మాత్రమే.

మనకు అమెరికా చరిత్ర ఎందుకని మా నాయనమ్మ అడిగితే, "రాజు లేకున్న గూడ దేశం నడుస్తదని పిల్లలకు ఎర్కుండాలె" అనేది, మెల్లగా. నిజాం రాజ్యంలో ఆ మాట మెల్లగానే అనాలి.

చెప్పడానికి ఆమె దగ్గర మూడు పుస్తకాలుండేవి. ట్రంకుపెట్టెలో వచ్చినది ఇంగ్లండు దొర రాసినది. అందులో ఇంగ్లండు రాజు మీద లడాయికి దిగిన అమెరికావాళ్లంతా తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లు. మిషను దవాఖానాలోని అమెరికా దొరసాని అడిగితే ఎరువిచ్చిన రెండో పుస్తకంలో వాళ్లే దేవుడు స్వయంగా కిందికి దింపిన వీరులు. మూడోది పుణె నుంచి వచ్చిన పలుచటి మరాఠీ పుస్తకం. మా మేనత్త ఒకే సంగతిని మూడింటిలోనూ చదివించి, ఎవరు ఏం దాచారో చెప్పమనేది. మాకది దొంగా పోలీసు ఆటలా ఉండేది.

మా తాతయ్యకు అలా లేదు. మా తాతయ్య గొంతు సవరించుకుంటే గోదావరి అవతలి ఒడ్డున బట్టలుతికేవాళ్లు లేచి నిలబడేవారు. ఆ గొంతు ఒకరోజు వసారాలోకి వచ్చింది.

"ఒక్క లడాయి గురించి మూడు కితాబులు మూడు తీర్ల చెప్తె అది బడి గాదు బిడ్డ, బజారు. ఏది నిజమో అదొక్కటి తియ్యి. మిగిలినయి ఇంట్ల ఉండద్దు. తీసుడు నీతోని కాదంటవా, బడే వద్దు."

ఏది నిజమో తేల్చడానికి మమ్మల్నే పరీక్ష చేస్తానన్నాడు. పరీక్ష రోజు మా మేనత్త వేసిన జడలే విప్పి మాకు మళ్లీ వేసింది. ఆమె బడి ఆ పూట మా నాలుకల మీద ఉంది. అందరిలోకీ పొడుగు నాలుక నాది.

నేను ముందుకొచ్చి దొరసాని పుస్తకంలో చదివినది అందుకున్నాను. రాజు చాయ్ మీద పన్ను వేశాడు, జనం మండిపడ్డారు, ఇండియన్ల వేషంలో ఓడలెక్కి చాయ్ పెట్టెలన్నీ సముద్రంలో పారబోశారు.

"ఎవల వేషం?" అన్నాడు తాతయ్య.

"ఇండియన్లది, తాత. అంటె మనోళ్లది. మనోళ్లు ఆడికి పోకపోతె మన వేషం ఆళ్లకెట్ల ఎర్కయితది?"

అంతటితో ఆపవచ్చు. కానీ తాతయ్య కళ్లలో వెలుగు చూశాక ఎవరు ఆపుతారు? మనవాళ్లు తలకు రుమాలు చుట్టి, భుజాన గొంగడి వేసుకుని, నాందేడు రేవులో పడవెక్కి గోదావరి వెంట సముద్రంలో కలిశారని చెప్పాను. అందులో మన ముత్తాత కూడా ఉన్నట్టే కనిపిస్తోందని చెప్పాను.

మా తాతయ్యకు చాయ్ అంటే పగ. అప్పుడప్పుడే స్టేషను దగ్గర చాయ్ దుకాణం వెలిసింది. చాయ్ తాగితే రక్తం నల్లబడుతుందని ఆయన నమ్మకం. అలాంటి మనిషికి, ఆ పాడు ఆకును సముద్రంలో కలిపింది మనవాళ్లేనని తెలిస్తే ఎలా ఉంటుంది? మీసం రెండు వైపులా లేచింది.

"గిదే అసలు కితాబు. గిదొక్కటి ఉంచు బిడ్డ. ఇగ నీ బడికి ఎవడు అడ్డమొస్తడో నేన్ జూస్త. రేపు వకీలు సాబు ఇంటి బైఠక్‌ల అందరికి ఇనిపిస్త."

కోరుకున్నదంతా మా మేనత్త ఒళ్లో పడింది. నోరు మూసుకుంటే చాలు. నేను గెలిచానన్న సంబరంతో ఆమె వైపు చూస్తే, ఆమె నా వైపు చూడలేదు.

సాయంత్రం తాతయ్య వాకిట్లో కుంపటి పెట్టుకుని మక్క కంకులు, అదే మొక్కజొన్న పొత్తులు, కాలుస్తున్నాడు. మా మేనత్త మరాఠీ పుస్తకం పట్టుకొచ్చి పక్కన కూర్చుంది.

"బాపు, ఈ మక్కలు ఏడికెల్లి అచ్చినయే?"

"మన చేన్లకెల్లి."

"అంతకు ముంగట?"

"మక్కాకెల్లి. అందుకే గద మక్కలంటరు."

"పేరట్ల పడ్డది గని, ఈటికి మక్కాతోని సుట్టరికం లేదు. ఇయి పుట్టింది అమెరికాల. ఆడ పుట్టి పెరిగినోళ్లు పండించిన్రు. పాపం, ఆళ్లకు గూడ గిట్లనే తప్పు పేరు పడ్డది. మన దేశానికని బయలెల్లిన ఓడోడు తొవ్వ తప్పి ఆడ దిగి, ఇదే ఇండియా అనుకున్నడు. ఆళ్లను ఇండియన్లన్నడు. చాయ్ పారబోసినోళ్లు తెల్లోళ్లే, బాపు. ఆ మక్కలు పండించినోళ్ల వేషమేసుకున్నరు."

కుంపట్లో గింజ ఒకటి పేలింది.

"అంటె మనోళ్లు కారు."

"కారు. దొరసాని కితాబుల ఇండియన్లని రాసిన్రు గని, ఎవలో చెప్పలే. ఆ సంగతి దీంట్లుంది, నువ్వే సదువుకో. దీంట్ల మళ్ల చాయ్ ముచ్చట ఒక్క వరుసనే. ఏదొక్కటి ఉంచుకున్నా గిట్లనే బోర్ల పడ్తం. బడి బందు పెట్టుమంటె పెడ్త. రేపు నువ్వు నలుగుట్ల నవ్వులపాలైతె మాత్రం నేను చూడలేను."

తాతయ్య పుస్తకం దీపం దగ్గరికి జరుపుకుని, అక్షరం అక్షరం వేలు పెట్టి చదివాడు. కంకి మాడిపోయింది. మా నాయనమ్మ వచ్చి దాన్ని తీసి పక్కన పడేసి వెళ్లిపోయింది.

"బైఠక్‌ల కొత్త ముచ్చట చెప్తనని వకీలుకు కబురు గూడ పంపితిని" అన్నాడు చివరికి.

"మక్కల ముచ్చట చెప్పు. అది ఆయనకు గూడ ఎర్కుండది."

మర్నాడు బైఠక్ నుంచి తాతయ్య తిరిగి వచ్చినప్పుడు ఆ మీసం గుమ్మంలో పట్టలేదు. వకీలు సాబు నోరు తెరుచుకుని విన్నాడట. ఒక గంప నిండా కంకులు నింపి, పుస్తకం ఇంకొన్నాళ్లు మా దగ్గరే ఉండనిమ్మని దొరసానికి పంపింది కూడా తాతయ్యే. "ఒక్కటే ఉంటె నీ పిల్లలు నన్ను బజార్ల నిలవెడ్తరు" అన్నాడు మేనత్తతో, నా వైపు చూస్తూ.

ఆ మర్నాడు పొద్దున పాఠానికి మూడు పుస్తకాలూ పరిచి కూర్చున్నాం. నేను సిగ్గుపడాలేమో అనుకుని తల వంచుకున్నాను. మా మేనత్త నా గడ్డం పట్టి ఎత్తి, "కథ మంచిగ చెప్పినవే పోరి. ఒక్క సంగతి సూడు. మక్కలు పండించినోళ్ల గురించి అందరు రాసిన్రు. ఆళ్లు రాసింది మనకాడ ఒక్కటి లేదు" అంది.

తర్వాత నేను ఎన్ని పిట్టకథలు చెప్పానో, ఎంతమందిని గోదావరి వెంట అమెరికాకు పంపానో లెక్కలేదు. అది నా స్వభావం, మానను. కానీ పిల్లలకు చరిత్ర పుస్తకం కొనాల్సి వస్తే మాత్రం నన్ను మోసం చేయడం ఎవరి తరమూ కాదు. ఇందులో ఎవరి గురించి ఎక్కువ రాశారో చూస్తాను. వాళ్లు రాసినది ఏదైనా ఉందా అని దుకాణదారును అడుగుతాను. లేదంటాడు. వెతకమని చెప్పి, మళ్లీ వస్తానంటాను. వెళ్తాను కూడా.