వినడం నేర్పిన తరగతి

మొన్న మా కాలేజీలో విద్యార్థుల కోసం ఒక కౌన్సెలింగ్ గది తెరిచారు. గోడలకు లేత నీలం రంగు, రెండు మెత్తటి కుర్చీలు, మూల బల్ల మీద చిన్న బుద్ధుడి బొమ్మ. ప్రిన్సిపాల్ గారు రిబ్బను కత్తిరించి, "ఈ విద్యలో అనుభవమున్నది మన మేడం గారికే. ఎదుటివాళ్లు చెప్పేది ఎలా వినాలో రెండు ముక్కలు చెప్పండి" అని మైకు నా చేతికిచ్చారు. రెండు ముక్కలు చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే మాత్రం ఆ విద్య నేర్చుకున్న తరగతే గుర్తొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను గుంటూరుకు దగ్గర్లో ఒక పీజీ సెంటర్లో పరిశోధన చేస్తుండేదాన్ని. మా గైడు సైకాలజీ ఎమ్మే వాళ్లకు కౌన్సెలింగ్ తరగతి తీసుకునేవారు. ఆయన్ని అందరం సారు అనే పిలిచేవాళ్లం. ఆ తరగతికి నేను సహాయకురాలిని. అంటే జంపఖానా పరవడం, హాజరు వేయడం, పిల్లలు చేసే అభ్యాసాలకు మార్కులు వేయడం. సారు ఎక్కడో ధ్యాన శిబిరాలకు వెళ్లొచ్చిన మనిషి. పాఠ్యపుస్తకాల్లో ఉన్న కౌన్సెలింగ్ పొడిగా ఉందనీ, బుద్ధుడు చెప్పిన మైత్రి, కరుణ, ఉపేక్ష కలిపితే తప్ప అది మన మనుషులకు ఎక్కదనీ ఆయన నమ్మకం. నమ్మకం నిజమైనదే. నేను ఇప్పుడు చెప్పబోయేదాన్ని బట్టి ఆయన్ని దొంగ అనుకుంటే పొరపాటు.

ప్రతి తరగతీ పావుగంట మౌనంతో మొదలయ్యేది. కళ్లు మూసుకుని శ్వాసను గమనించమనేవారు సారు. మిర్చి రోజుల్లో గుంటూరు చుట్టుపక్కల శ్వాసను గమనించడమంటే మాటలు కాదు. గాలి కాస్త అటు తిరిగిందంటే ఘాటు నేరుగా కిటికీలోంచి వచ్చేది. ముందు వరసలో ఒకడు తుమ్మేవాడు, వాడి వెనకాల ముగ్గురు దగ్గేవారు, ఎవరో కిసుక్కున నవ్వేవారు. సారు కళ్లు తెరవకుండానే "దగ్గును కూడా గమనించండి" అనేవారు. దాంతో ఉన్న కాస్త మౌనం కూడా పోయేది. ఒక ఆదివారం అందరినీ బస్సెక్కించి అమరావతి తీసుకెళ్లారు. పులిహోర పొట్లాలు పట్టుకుని మ్యూజియంలో తిరిగాం. ఒక పాత రాతిపలక మీద బుద్ధుడు లేడు, ఖాళీ ఆసనమూ దాని చుట్టూ చేతులు జోడించిన జనమూ ఉన్నారు. సారు దాని ముందు చాలాసేపు నిలబడి, "వినేవాడు ఇలా ఉండాలి. ఆసనం ఉంటుంది, 'నేను' ఉండదు" అన్నారు. ఎంత బాగా చెప్పారో అనుకుని డైరీలో రాసుకున్నాను.

ఆ బస్సులో నా పక్క సీట్లో కూర్చున్న అమ్మాయి గురించే ఈ తలపోత అంతా. వినుకొండ అవతల ఒక పల్లెటూరు ఆమెది. వాళ్ల ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి. పత్తి రైతు బిడ్డ. జామకాయలు కోసి ఉప్పూకారం అద్ది అందరికీ పంచేది. తరగతిలో నన్ను మేడం అనేది, గది దాటగానే అక్కా అనేది. ఆ రెండు పిలుపుల మధ్య గడపను ఎప్పుడూ మర్చిపోయేది కాదు.

అభ్యాసం ఇలా జరిగేది. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు, ఇంకొకరు కౌన్సెలర్. కష్టం చెప్పేవాళ్లకు సారు ఒక చీటీ ఇచ్చేవారు. అందులో ఉన్న పాత్రే చెప్పాలి, సొంత గొడవలు తేకూడదు. పది నిమిషాలకు సారు కంచు గంట కొడతారు. గంట వినపడగానే మాట ఎక్కడుంటే అక్కడ ఆపి, మూడు శ్వాసలు తీసుకుని, పాత్రలు మార్చుకోవాలి. నేను ఒక్కో జంట పక్కన కూర్చుని కాగితం మీద ఇద్దరికీ మార్కులు వేసేదాన్ని.

ఒక రోజు ఆమెకు వచ్చిన చీటీలో ఉద్యోగం పోయి ముభావంగా మారిన తండ్రి గురించి చెప్పుకునే కూతురి పాత్ర ఉంది. మొదట చీటీలో ఉన్నట్టే చెప్పింది. మా నాన్న ఆఫీసు, మా నాన్న మేనేజరు. నాలుగైదు వాక్యాలయ్యేసరికి ఆఫీసు కాస్తా చేను అయింది.

"మూణ్ణెల్లుగా చేలోకి దిగట్లేదండి. పత్తంతా పురుగు తినేసింది. ఎన్నిసార్లు మందు కొట్టినా చావట్లా. గట్టు మీద కూర్చుని చూస్తా ఉంటాడు. అన్నానికి పిలిస్తే పలకడు. మొన్న ఎడ్లను మా మేనమామ వాళ్లింటికి తోలిచ్చేశాడు. ఇక మీరే చూసుకోండి అన్నాడంట."

ఎదురుగా కౌన్సెలర్ వేషంలో ఉన్న కుర్రాడు తెలివైనవాడే. పుస్తకంలో ఉన్నట్టు తల ఊపి, "మీకు చాలా ఆందోళనగా ఉందని చెబుతున్నారు" అన్నాడు.

"అవునండి. నిన్న నేను ఫోన్ చేస్తే నాన్న ఏమన్నాడంటే..."

గంట మోగింది. ఆమె నోరు మూసుకుంది. మూడు శ్వాసలు తీసుకుంది. చీటీ మడిచి నాకిచ్చింది. మడత మీద మడత వేసి, గోరంత అయ్యేదాకా మడిచింది. నేను చూశాను. చూడలేదని ఇప్పటిదాకా ఒకరిద్దరి దగ్గర అన్నాను కానీ, చూశాను.

తరగతి అయ్యాక ఆమె వరండాలో స్తంభం దగ్గర ఊరికే నిలబడి ఉంది. అందరూ క్యాంటీన్ వైపు వెళ్లిపోయారు. నేను కాగితాలు సర్దుకుని వస్తూ, "చాలా సహజంగా చేశావమ్మా" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, "థాంక్సండీ మేడం" అంది. గది బయట నన్ను మేడం అనడం అదే మొదటిసారి.

మనసాగక సారు గదికి వెళ్లి చెప్పాను. ఆ పిల్ల చెప్పింది పాత్ర కాదేమో సార్, వాళ్ల ఊరికి ఒకసారి వెళ్లొస్తే బాగుంటుందేమో అన్నాను. సారు ఓపిగ్గా విన్నారు. "ఆమె నిన్ను అడిగిందా?" అన్నారు. లేదన్నాను. "అడగనిది ఇవ్వబోవడం కరుణ కాదమ్మా, మన ఆత్రం. తరగతిలో మాట తరగతిలోనే ఉండాలి. ఉపేక్ష అంటే పట్టనట్టు ఉండటం కాదు, స్థిరంగా ఉండటం. నువ్వింకా అది నేర్చుకోవాలి." నా సిద్ధాంత గ్రంథం మూడో అధ్యాయం ఆయన బల్ల మీదే ఉంది. సరే సార్ అని బయటికొచ్చాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు బాధ కలగలేదు, హాయి కలిగింది. వినుకొండ దాకా బస్సులో పడి వెళ్లే పని తప్పింది, పైగా అలా తప్పుకోవడానికి ఒక గొప్ప పేరు కూడా దొరికింది.

ఆ తర్వాత తొమ్మిదో రోజు మధ్యాహ్నం హాస్టల్‌కి ఫోను వచ్చింది. వాళ్ల నాన్న చేలోనే పురుగుమందు తాగాడు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

సారు తరగతిలో రెండు నిమిషాల మౌనం పాటింపజేశారు. ఆ మర్నాడు ఆయనకు ఏదో సదస్సు ఉంది. నేనూ నలుగురు పిల్లలూ ఆ అమ్మాయి ఊరికి వెళ్లాం. ఊళ్లోకి వెళ్లే దారి పొడుగునా ఏరకుండా వదిలేసిన పత్తి, పుచ్చిపోయిన కాయలు. వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని, "మా పిల్లకి చదువు చెప్పే పంతులమ్మవా? మనుషుల బాధలు వినటం నేర్పుతారంటగా అక్కడ. మా పిల్ల ఎంత గొప్పగా చెప్పేదో" అంది. ఎత్తిపొడుపు కాదది. ఆవిడ మామూలుగానే అంది.

ఆ అమ్మాయి ఏడవలేదు. మాకు మంచినీళ్లు ఇచ్చింది, కుర్చీలు వేసింది. వచ్చేసేటప్పుడు పశువుల కొట్టం దాకా నాతో నడిచి అడిగింది.

"ఆ రోజు కాగితం మీద ఏం రాశారక్కా?"

"గుర్తు లేదమ్మా" అన్నాను.

ఆమె మళ్లీ కాలేజీకి రాలేదు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. ఆ ఏడాది చివర్లో సారు ఇంకో సదస్సులో ఒక పత్రం చదివారు. ఒక విద్యార్థిని ఇంట్లో జరిగిన దుర్ఘటనను తరగతి మొత్తం ఎంత సమచిత్తంతో స్వీకరించిందో అందులో ఉంది. పేరు లేదు, ఊరు లేదు. టైపు చేసింది నేనే. ఒక్క అక్షరదోషం కూడా పోనివ్వలేదు. నాకు డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది.

ఐదారేళ్ల తర్వాత మా విద్యార్థులతో ఏదో సర్వేకని గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లాను. టిక్కీలనే మిర్చి బస్తాల వరసల మధ్య, మూతికి తువ్వాలు కట్టుకుని, హమాలీలతో గట్టిగా మాట్లాడుతున్న ఒకావిడ నన్ను చూసి తువ్వాలు కిందికి లాగింది. ఆ అమ్మాయే. పత్తి మానేసి మిరప వేస్తున్నామంది, తమ్ముడు పాలిటెక్నిక్‌లో చేరాడంది. చేతులు కాయలు కాచాయి. ఆ ఘాటులో ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు కారుతున్నాయి, అందువల్ల నాకు కాస్త ధైర్యం వచ్చింది.

"ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. ఏం రాశానో నాకు గుర్తుంది" అన్నాను.

ఆమె హమాలీలను ఆగమని చెయ్యి చూపింది. చెప్పమన్నట్టు చూసింది.

"నటన సహజంగా ఉంది అని రాశాను. పదికి ఏడు వేశాను."

ఆమె, వెనక్కొచ్చిన జవాబుపత్రం మీద సందేహం అడిగే విద్యార్థినిలా అడిగింది. "మిగతా మూడూ ఎందుకు కోశారు మేడం?"

"పాత్ర నుంచి పక్కకు జరిగావని."

ఆమె నవ్వింది. కోపమైతే తట్టుకునేదాన్ని. "జరిగాన్లెండి" అని, తువ్వాలు మళ్లీ పైకి లాక్కుని, పేరు పెట్టి పిలుస్తున్న కమీషను వ్యాపారి వైపు వెళ్లిపోయింది. నా క్షమాపణ ఇంకా నా నోట్లోనే ఉంది. ఆమె దాన్ని అడగలేదు. అడగనిది ఇవ్వడానికి ఆ రోజు కూడా నాకు కాళ్లు కదల్లేదు.

సారు పోయి చాలాకాలమైంది. ఆ తరగతి ఇప్పుడు లేదు. ఆ తర్వాత వచ్చిన ఏళ్లన్నీ నాకు ఏ అడ్డూ లేకుండా, ఏ శిక్షా పడకుండా, సాఫీగా గడిచిపోయాయి. కాలం మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే.