వదిన లాగమన్న గీత

మొన్న ఆదివారం మందిరంలో క్వయర్ పిల్లలు ఫోనులో విని ఆల్టో, అంటే ఆడవాళ్ళ కింది గొంతు, నేర్చుకుంటుంటే, పాట స్వరాలు రాసిన నా పాత సాల్ఫా కాగితం తీసి చూపించాను. "ఇదేంటి ఆంటీ, ఇంగ్లీషు అక్షరాలు చల్లేసినట్టుంది?" అంది ఒకమ్మాయి. నవ్వాను గానీ, ఆ కాగితం చూస్తే నాకు మా వదిన గుర్తొస్తుంది, వెంటనే ఆమె దగ్గు గుర్తొస్తుంది.

తొంభైల చివర్లో గుంటూరు దగ్గర మా ఊరి మందిరానికి కొత్త క్వయర్ మాస్టారు వచ్చి, పాటని కళ్ళతో చదవడం నేర్పుతానన్నారు. వదినకీ నాకూ అప్పటికే హార్మోనియం సరిగమలు వచ్చు. అదే మా ఖర్మయింది. కాగితంలో ఎస్ కనిపిస్తే స అనేవాళ్ళం, డి కనిపిస్తే ద. ఆ పద్ధతిలో డి అంటే మన స, ఎస్ అంటే మన ప. ఎక్కాల్సిన చోట దిగి, దిగాల్సిన చోట ఎక్కి, మాస్టారి ప్రాణం తోడేశాం. "ఒక్క అక్షరానికి ఇన్ని వేషాలేంటి మాస్టారూ?" అని వదిన దెబ్బలాడేది. ఆయన నెత్తి కొట్టుకుని, "అది పక్కన పెట్టండమ్మా. అడ్డగీత ఉంటే గొంతు లాగండి, ఖాళీ ఉంటే నోరు మూసుకోండి" అనేవారు.

వదినది మిరపకాయలకు తొడిమలు తీసే పని. ముఖానికి తువ్వాలు కట్టుకున్నా ఘాటు లోపలికి పోయేది. ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఆ పని మానెయ్యమన్నాడు డాక్టరు. "మానేసి ఏం తినాలంట?" అంది వదిన. ఆమెకి ఉన్న ఆశల్లా ఒకటే, గుడ్ ఫ్రైడే పాటలో చివరి పొడుగు గీతని తెగకుండా లాగాలని. మా ఖర్మకి ఆ పండగ సరిగ్గా కాయల సీజన్లోనే వస్తుంది. ఇంట్లో వంట చేస్తూ లాగేది, మధ్యలో దగ్గు తెర వచ్చి గరిటె వదిలేసి కూలబడేది. చూడలేక నాకు కోపం వచ్చేది.

ఆ శుక్రవారం తెల్లచీరలు కట్టుకుని పక్కపక్కనే నిలబడ్డాం. చివరి గీత దగ్గర వదిన గొంతు ఎత్తింది. సగంలోనే ఊపిరి తెగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను లాగాను. పాటయ్యాక, "నాది కూడా నువ్వే లాగు పిల్లా" అంది, నవ్వుతూనే. మళ్ళీ కాయలు ఎండే నాటికి వదిన లేదు. ఆ ఏడాది పాటలో చివరి గీత వచ్చినప్పుడు ఏడుపొచ్చింది గానీ, గొంతు ఆపలేదు.

వదిన ఆగిపోయిన వయసు దాటి నేను చాలా దూరం వచ్చేశాను. ఆ గీత మాత్రం ఇంకా అయిపోలేదు.