చెరువుకట్ట మీద నీడ

నిన్న సాయంత్రం మా పైవాటాలో ఉండే పిల్ల, గోడకున్న నా ఫొటోను తన ఫోన్‌లోకి ఎక్కించుకుని, "అమ్మమ్మా, కాళ్లకాడ ఈ నల్లటి నీడ మంచిగ లేదు, జర ఆగు, నిమిషంల తీసేస్త" అని వేలు పెట్టబోతుంటే గబుక్కున దాని చెయ్యి పట్టుకున్నాను. పాపం, బిత్తరపోయింది.

మా ఆయనకు హనుమకొండలో చిన్న స్టూడియో ఉండేది. ఊరందరి పెళ్లిళ్లకూ ఫొటోలు తీసిన మనిషి, మా పెళ్లి ఆల్బం వాననీళ్లకు ముద్దయిపోయాక ఇద్దరం మళ్లీ ఒక్క ఫొటో దిగుదామంటే ఇవాళ, రేపు అంటూనే కన్నుమూశాడు. స్టూడియో మూసేసి ఆయన కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చుకున్నాను. పలకరించే దిక్కులేని ఆ ఇంట్లో, మౌస్ పట్టుకోవడం కూడా రాని నేను, మమ్మల్నిద్దరినీ ఎలాగైనా ఒక్క ఫొటోలో కలపాలని పంతం పట్టాను. మచ్చలు తుడవడం, మనిషిని కత్తిరించి ఇంకోచోట అతికించడం మా మరిది వచ్చినప్పుడల్లా కొంత నేర్పేవాడు. గుర్తింపు కార్డులోని ఆయన ముఖం తెచ్చి నా పక్కన అతికిస్తే తల గుమ్మడికాయంత అయింది. పకపకా నవ్వాను, ఆ నవ్వు వినడానికి ఎవరూ లేరని గుర్తొచ్చి ఏడ్చాను.

చివరికి హసన్‌పర్తి చెరువుకట్ట మీద ఆయన తీసిన నా ఫొటో ఒకటి దొరికింది. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీయడం ఆయన అలవాటు. ఆ ఎండకు పొడుగాటి నీడ ఒకటి నా చెప్పుల దాకా పాకింది. ముందు దాన్ని తుడిచేసి, తర్వాత నా పక్కన ఆయన్ని నిలబెడదామనుకున్నాను. తల చెరిపి భుజాల దాకా వచ్చేసరికి, రెండు పక్కలా పొడుచుకొచ్చిన మోచేతులు కనిపించాయి. కెమెరా పట్టుకున్న మోచేతులు. అయ్యో, నేను చెరుపుతున్నది ఆయన్నే కదా!

వెంటనే మరిదికి ఫోన్ చేస్తే, "పరేషాన్ గాకు వదినా, దేన్నీ ముట్టకు, వస్తున్న" అని పరుగున వచ్చి నీడను మళ్లీ తెచ్చి పెట్టాడు. గోడ మీద ఉన్నది అదే. మేమిద్దరం కలిసి ఉన్న ఫొటో అదొక్కటే.

ఇప్పటివాళ్లు చెయ్యి చాచి, ఇద్దరూ పడేలా తామే తీసుకుంటున్నారు. తీసేవాడు బయట మిగిలిపోవడమన్నది లేదు. మంచిదే, నాలా వెతుక్కునే అవస్థ వాళ్లకు ఉండదు. నేను మాత్రం ఆయన తీసిన పాత ఫొటో ఏది చేతికొచ్చినా, ముఖాలు తర్వాత, ముందు నేలకేసి చూస్తాను.