సైక్లోట్రాన్‌ల రెండో తన్ను

ఇయ్యాల పొద్దుగాల శాంతి నగర్ల మా ఇంట్ల పెద్ద లొల్లి. నేను చెప్తున్న, మనుమరాలు టైపు కొడుతున్నది. ఒక్క మాట మార్చినా ఊకోను.

రేపు దానికి ఫిజిక్స్ పరీక్ష. సైక్లోట్రాన్ అనే మిషన్ల రేణువు గుండ్రంగ తిరుక్కుంట ఎంత శక్తి పెంచుకుంటదో లెక్క చేస్తున్నది. జవాబు పుస్తకంల ఉన్నదాంట్ల సగమే వస్తున్నదని గంటసేపు ఏడ్సింది.

"ఏమైందే?" అన్న.

"నడుమ సందు ఉంటది నానమ్మా. దాటినప్పుడల్లా కరెంటు దాన్ని ముందుకు తంతది. అయస్కాంతం ఉత్తగ మలుపుతది. నీకు సమజ్ కాదు, నువ్వు బడికే పోలే."

"ఒక్క సుట్టుకు సందు ఎన్నిసార్లు దాటుతది?"

"పోంగ ఒకసారి, రాంగ ఒకసారి."

"తన్నులు ఎన్ని లెక్కవెట్టినవ్?"

కాయితం మళ్ళ సూస్కున్నది. "ఒకటే," అన్నది.

"ముప్పై ఏండ్లు బట్ట నేసే సాంచెల పక్కన దారం కండెలు సుట్టిన. దారం మోసే ధోటాను ఈ పక్క కొట్టి, ఆ పక్క కొట్టకపోతే మళ్ళ వస్తదా పిల్లా?"

జవాబు సక్కగ వచ్చింది. "సిల్లీ మిస్టేక్, నేనే పట్టుకునేదాన్ని," అన్నది.

పట్టుకునేదట! మీ ఇండ్లల్ల సదువుకున్నోళ్ళు గూడ గిట్లనే ఉంటరా? చెప్పుండ్రి, మీరు రాసినయి మనుమరాలే నాకు సదివి వినిపిస్తది.