ఊపిరి తీసిన బోరు

2003 ఎండాకాలం. అప్పట్లో నేను ఆలూరు చుట్టుపక్కల పల్లెల్లో బోరు మోటార్లు బాగుచేస్తూ, ఆదివారం మా సంఘంలో వాక్యం చెప్పేవాణ్ణి.

ఆ ఏడు ఇంగ్లీషు బైబిలు చదువుతుంటే, ప్రభువు మన పాపాలు మోశాడన్న చోట నా వృత్తి మాటే కనబడింది: బోర్. పాస్టరుగారు నిఘంటువు తీశారు. తొలిచే బోరు ఒక పాత మాటలోంచి వచ్చిందట. తుపాకీ గొట్టం బోరు దాని బిడ్డే. మోసిన, కన్న అనే బోరుది వేరే పుట్టుక. సముద్రపు పోటుకు నదిలోకి ఎగదన్నే అలను కూడా బోరే అంటారు. బహుశా అది ఉత్తరదేశాల ఓడవాళ్ల మాట. విసుగు పుట్టించే బోరు ఎక్కడిదో పండితులకే తెలియదట.

"నీ ప్రసంగాల్లోంచి వచ్చుంటుంది సామేలూ" అని నవ్వారాయన.

ఆ వారమే పక్క పల్లె ఈరమ్మ కూతురు కబురు పెట్టింది. వాళ్ల చేనులో బోరు ఎండిపోయింది. కేసింగు, అంటే మన్ను కూలకుండా బోరు పైభాగంలో దింపే గొట్టం, పీకేశారు. నోరు వెడల్పుగా తెరుచుకుంది. కూతురి బిడ్డకు అప్పుడే నడక వచ్చింది. మూత బిగించాలి.

పొద్దున్నే పోతే ఈరమ్మ మనవణ్ణి కొంగుకు కట్టుకుని బోరు పక్కనే కూర్చుని ఉంది.

"మూత వద్దు సామేలప్పా. మా ఆయప్ప లోపల ఊపిరి తీస్తాండాడు."

ఆ బోరు ఎండిన నెలలోనే ఆమె భర్త గుండె ఆగి పోయాడు.

"పోయినోళ్లు దేవుని చేతిలో ఉంటారక్కా, గుంతల్లో కాదు."

"నీ దేవుణ్ణి నేనేమన్నా అంటినా? ఈడ చెయ్యి పెట్టి సూడు."

పెట్టాను. గుంత నా అరచేతిని లోపలికి లాగింది, చల్లగా, ఆగకుండా. ఆమె గడ్డిపరక వదిలితే మింగేసింది. చేనులో ఆకు కదలడం లేదు. ప్రార్థన మొదలుపెట్టి మాటలు మరిచిపోయాను.

"ఉండు, పొద్దు వాలితే బయటికి ఇడుస్తాడు."

ఉన్నాను. మధ్యాహ్నం దాటాక గుంత నిట్టూర్చింది. అంచున దుమ్ము లేచింది. తడిరాయి వాసన ముఖానికి తగిలింది. బిడ్డ "తాతా" అంటూ దానిమీదికి వంగాడు. కొంగు ముడి జారింది.

ఈరమ్మ వాణ్ణి కాలు పట్టి లాక్కుంది. చాలాసేపు గుండెకు అదుముకుని కూర్చుంది.

"మూయప్పా" అంది చివరికి. "ఊపిరి మాత్రం ఆడనీ."

ఇనుప మూతకు చిన్న రంధ్రం తొలిచి, సన్నటి వంపు గొట్టం అతికించి, చుట్టూ సిమెంటు పోశాను. ఆమె గొట్టానికి చెవి ఆనించింది.

"గొంతు సన్నబడిండాది, అంతే."

పైగాలి బరువు పూటపూటకూ మారుతుంది కాబట్టి కింది పగుళ్లు గాలి పీల్చి వదులుతాయని బోర్లు వేసే రిగ్గువాళ్లు తర్వాత చెప్పారు. నమ్మాను. కానీ ఆ రోజు ఆమెకు కావలసింది ఆ లెక్కా కాదు, నా వాక్యమూ కాదు. పాస్టరుగారి నిఘంటువులో తొలిచేదానికీ మోసేదానికీ చుట్టరికం లేదు. ఆ చేనులో మాత్రం నేను తొలిచిన రంధ్రం దగ్గర ఒక మనిషి ఇంకో మనిషిని మోస్తూ కూర్చుంది.

అప్పటినుంచి ఎండిన బోరు ఏది మూసినా ఒక గొట్టం వదులుతాను. గాలి కోసమని చెబుతాను. సిమెంటు పోసే ముందు మాత్రం నేనూ ఒకసారి చెవి ఆనిస్తాను.