పరాయి దేశం కాని ఊరు

ఎన్నికలొచ్చిన ప్రతిసారీ అఫెరెటి తామున్న కాలిహీ పేటలో బడి ముందు కారు ఆపుకుని అందులోనే కూర్చునేవాడు. భార్య సెనెటిమా చెవి పక్కన పువ్వు పెట్టుకుని, చర్చికి వెళ్లినంత ముస్తాబుగా లోపలికి వెళ్లి ఓటు వేసి వచ్చేది. వస్తూనే అందుకునేది.

"ఏమయ్యా సిపాయీ, ఎండకి బాగా ఉడికావా? నీ బదులు కూడా ఆలోచించే వేశాలే."

"ఎవరికేశావు?"

"పౌరుల సంగతులు నీకెందుకయ్యా?"

ఆవిడ పుట్టింది అపియా దగ్గర. అది స్వతంత్ర సమోవా, వేరే దేశం. అమెరికాలోని హొనొలులూ వచ్చి, పరీక్ష రాసి, అమెరికా పౌరురాలయింది. అఫెరెటి పుట్టింది పక్కనే ఉన్న టుటుయిలా దీవిలో, అమెరికా జెండా కింద. బడిలో రోజూ పొద్దున్నే గుండె మీద చెయ్యి వేసుకుని ఆ జెండాకే మొక్కాడు. మీసం సరిగా మొలవకముందే ఆ జెండా కోసం సైన్యంలో చేరాడు. అయినా అతని పాస్‌పోర్టు వెనక పేజీలో మాత్రం, ఈయన అమెరికా జాతీయుడే కానీ పౌరుడు కాదు అని అచ్చు వేసి ఉంటుంది. పౌరుడు కానివాడికి ఓటు లేదు. బయటినుంచి వచ్చినావిడ ఇంటిమనిషి, ఇంట్లో పుట్టినవాడు వీధి అరుగు మీద! ఈ ఏర్పాటు చేసిన పెద్దమనుషులు ఎవరో గానీ, వాళ్లని ఒక్కపూట ఆ కారులో కూర్చోబెట్టాలి.

సైన్యంలో ఉండగా కెప్టెన్ ఒకాయన అతన్ని ఆఫీసరు శిక్షణకి పంపాలని ముచ్చటపడ్డాడు. కాగితాలు తిరగేసి, "అయ్యో, నువ్వు పౌరుడివి కావా?" అన్నాడు. ఆ మాట అఫెరెటికి ముల్లులా దిగబడిపోయింది. అప్పుడే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, పెట్టుకోలేదు. నా ఇల్లు నాకివ్వమని అర్జీ పెట్టడమేమిటని పంతం పట్టాడు. ఆ పంతం తల నెరిసేదాకా సాగింది.

పంతం సంగతి అటుంచితే, మనసెప్పుడూ వాటియాలోనే ఉండేది. అది అతని ఊరు. కొండ దిగితే సముద్రం, సముద్రం వెనక మళ్లీ కొండ. సాయంత్రం ప్రార్థన వేళకి చెట్టుకు వేలాడదీసిన పాత సిలిండరు మీద ఎవరో ఇనపకడ్డీతో కొట్టేవారు. అంతే, ఊరంతా ఉన్నచోటే ఆగిపోయేది. దారిలో కుర్రాళ్లు కాపలా నిలబడి, నడిచేవాళ్లని కూడా ఆపేసేవారు. ఆదివారం కాల్చిన రాళ్ల మీద చేమదుంపలు, కొబ్బరిపాలు పోసి ఆకుల్లో చుట్టిన పొట్లాలు మగ్గుతుంటే, ప్రసంగం తొందరగా ముగించమని పిల్లలంతా దేవుణ్ణే వేడుకునేవారు. అమ్మ చేపలు డబ్బాల్లో నింపి అమెరికాకి పంపే ఫ్యాక్టరీ నుంచి వచ్చేది. ఎంత రుద్దినా జుట్టులో ట్యూనా వాసన పోయేది కాదు. "మా అమ్మని చీకట్లో కూడా పట్టేస్తాను" అని అఫెరెటి నవ్వేవాడు.

మేనమామ పోయాక కుటుంబమంతా కూర్చుని ఆయన పేరు అఫెరెటికి ఇచ్చింది. లెమలుఫాయి. అది వట్టి పేరే కాదు, బిరుదు, పెద్దరికం, ఆ కుటుంబపు భూమికి కాపలా. ఆ రోజు కొబ్బరినూనె రాసుకుని, మెత్తటి నేత చాప నడుముకి కట్టుకుని, సభ ఇంట్లో మామ కూర్చునే స్తంభానికే వీపు ఆనించి కూర్చున్నాడు. కావా అనే వేరురసం గిన్నె అందిస్తూ ఆ పేరు గొంతెత్తి పిలిచారు. ఆ తర్వాత ఊళ్లో అతన్ని అఫెరెటి అన్నవాళ్లు లేరు. కన్నతల్లి కూడా, "లెమలుఫాయి గారూ, భోంచేయండి" అని పళ్లెం పెట్టింది. పెట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే అతనికి ఇప్పటికీ కళ్లు చెమ్మగిల్లుతాయి.

చివరికి సెనెటిమా పోరు పడలేక దరఖాస్తు పెట్టాడు. ఇంటర్వ్యూలో అధికారి పడుచుపిల్ల, మర్యాదస్తురాలు. చరిత్ర ప్రశ్నలన్నీ చకచకా చెప్పేశాడు. తర్వాత ఆమె కాగితం చూసి మామూలుగా చదివింది.

"పరాయి దేశంలో మీకు వంశపారంపర్యంగా వచ్చిన బిరుదేమైనా ఉందా? ఉంటే వదులుకోవాలి."

అలాంటి ప్రశ్న ఉంటుందని సెనెటిమా చెప్పలేదు. ఆవిడకి బిరుదు లేదు, ఆ ప్రశ్న ఆవిడకి గుర్తే ఉండదు.

"ఉందమ్మా" అన్నాడు. "లెమలుఫాయి. మా మామది. వదులుకోడానికి అది నా ఒక్కడిదీ కాదు. మా వాళ్లందరిదీ."

ఆమె కలం ఆపింది. "ఎక్కడ ఇచ్చారు సార్?"

"టుటుయిలాలో. మా ఊళ్లో."

ఆమె మొహం విప్పారింది. "ఓ, అయితే పర్వాలేదు సార్. అది పరాయి దేశం కాదు కదా. మీ బిరుదు మీదే. ఇక్కడ 'లేదు' అనండి, చాలు."

"మా ఊరు పరాయి దేశం కాదా?"

"కానే కాదు సార్. అది మనదే."

"మరి అక్కడ పుట్టిన నేను ఇక్కడెందుకు కూర్చున్నానమ్మా?"

ఆమె కాసేపు కాగితంలో వెతికింది. అక్కడ ఆ ప్రశ్నకి చోటు లేదు. "నాకు తెలీదు సార్" అంది చివరికి, గొంతు తగ్గించి.

పాపం, ఆ పిల్లేం చేస్తుంది? "లేదని రాసుకో తల్లీ" అన్నాడు అఫెరెటి. తన పేరు లేదని తన నోటితోనే చెప్పినందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

బయట వరండాలో సెనెటిమా లేచి నిలబడింది. "ఏమయింది? తప్పావా?"

"ప్యాసయ్యాను. వచ్చే నెల ప్రమాణం."

"మరి ఆ మొహమేంటయ్యా, శవాన్ని మోసినట్టు?"

అతను అన్నాడు: "అమ్మ ఆ ఫ్యాక్టరీలో చేపలు కోసి కోసి చచ్చిపోయింది సెనెటిమా. అవన్నీ అమెరికా వాళ్లే తిన్నారు. అమ్మని మాత్రం పౌరురాలివని ఒక్కరూ అనలేదు."

నోట్లో మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండే సెనెటిమా, తన చెవి పక్కనున్న పువ్వు తీసి అతని చేతిలో పెట్టింది.