పరదా వెనక చూడకుండా చెప్పిన మాట

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. ప్రార్థనలో కూడా దాని పక్కనుంచి తప్పుకుని పోయేదాన్ని. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలనేమో.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో బెజవాడలో ఒక డాక్టరు గారి దగ్గర నర్సుగా ఉండేదాన్ని. మొలల వైద్యంలో ఆయనకు మంచి పేరు. సూది వేసి, కాసేపు పడుకోబెట్టి, ఆ పూటే ఇంటికి పంపేసేవారు. వచ్చేవాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ. ఆడవాళ్లు ఆయన చేత చూపించుకునేవారు కాదు. పరదా వెనక నేను వేలు పెట్టి చూసి చెబితే, ఇవతల కూర్చుని నా మాట మీద మందు ఇచ్చేవారు. పెద్దవయసులో నెత్తురు పడితే మొలలని తేల్చెయ్యకు, లోపల చూడు అని ఎన్నిసార్లు చెప్పారో.

ఒకరోజు చల్లపల్లి వైపు నుంచి మాణిక్యమ్మ గారని ఒక పెద్దావిడ వచ్చింది. నేతవాళ్లు. పొద్దస్తమానం కూర్చుని కండెలకు నూలు చుట్టే మనిషి. నెత్తురు పడుతోందని చెప్పి బల్ల మీద పక్కకు తిరిగి పడుకుంది. నేను చెయ్యి చాచాను.

"మీరేవిట్లమ్మా?" అని ఆవిడ నా కులం అడిగింది.

"క్రైస్తవులమండీ."

ఆవిడ చీర సర్దేసుకుంది. "అయితే వద్దులే తల్లీ. ఇంటికెళ్లాక మళ్లీ తానాలూ అవీ. మొలలేనని నువ్వే చెప్పేద్దూ."

ఇవతలికి వచ్చి, "చూశానండీ, మొలలేనండీ" అన్నాను. ఆయన పూతమందు ఇచ్చి, గోరువెచ్చటి నీళ్లలో కూర్చోమని చెప్పి పంపేశారు.

ఎందుకలా అన్నాను? ఒప్పుకోవడం లేదండీ అని ఒక్క మాట అంటే ఆయన ఎలాగో నచ్చజెప్పేవారు, అందులో ఆయన దిట్ట. ఆవిడ పట్టింపును గౌరవించానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది నిజం కాదు. నాకు ఒళ్లు మండింది. నీ ఖర్మ, అలాగే పడుండు అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అనుకున్నాను.

కోతలయ్యాక మళ్లీ వచ్చింది. చిక్కి శల్యమైపోయింది. ఈసారి ఏమీ అడగలేదు, "చూడు తల్లీ" అంది. వేలికి గట్టిగా గడ్డ తగిలింది. అది మొల కాదు, ఆ మాటే పైకి చెప్పాను.

"అప్పుడు తగల్లేదా ఇది?" అని పరదా అవతల నుంచి డాక్టరు గారు అడిగారు.

"లేదండీ."

ఆవిడ తల తిప్పి నా వంక చూసింది. ఏమీ అనలేదు. వద్దన్నది తనేనన్న భయమా, నా ఉద్యోగం పోతుందన్న జాలా? ఏదైనా ఒక మాట అని ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది.

ఆ వేసవి గడవకముందే పోయింది. ముందే తెలిస్తే డాక్టరు గారు ఆపరేషనుకి మద్రాసు పంపేవారు. బతికేదా? ఏమో. ఆ ఏమో అన్న మాటే నన్ను కుదురుగా కూర్చోనివ్వదు.

డాక్టరు గారు కూడా ఇప్పుడు లేరు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. మొదటిసారి నేను ఆవిణ్ణి చూడలేదు. చూశానని చెప్పాను. ఇంత చిన్న మాట. పైకి అన్నాక ఊపిరి కాస్త ఆడుతోంది.